తెలుగు బ్లాగులు వెతికి చదవడానికి ఫీడర్ యాప్, ఇంగ్లిష్‌కి ఇంకో మూడు సైట్లు: విశాఖ నుంచి సమీక్ష

మొదటే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకి టైము కలిసొస్తుంది. ఇంగ్లిష్‌లో సొంత బ్లాగులు వెతికిపెట్టే సైట్లు బాగున్నాయి, డబ్బు అడగవు. తెలుగుకొచ్చేసరికి అవేవీ అక్కరకు రావు. తెలుగు బ్లాగుని చూపించేది ఇంకో తెలుగు బ్లాగు పక్కపట్టీయే, అంటే పేజీ అంచున లింకులుండే నిలువు పట్టీ. దొరికినదాన్ని చేజారకుండా ఉంచేది ఫీడ్ రీడర్, అంటే మనం ఎంచుకున్న బ్లాగుల కొత్త పోస్టుల్ని ఒకేచోటికి తెచ్చేది. ఆ రీడర్లలో ఆండ్రాయిడ్ ఫోనుకి ఫీడర్ అనే ఉచిత యాప్‌ని తీసుకోమంటాం. ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎక్కడ తెగిందో కింద వస్తుంది.

యాప్ కంటే ముందు వెతకడం సంగతి. దానిలో పెట్టడానికి బ్లాగులంటూ దొరకాలి కదా.

గూగుల్‌లో "వైజాగ్ బ్లాగ్" అని కొడితే వచ్చేవి టూర్ ప్యాకేజీలు, హోటల్ బుకింగులు, తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు. అవన్నీ అమ్మకం పేజీలు. సొంతానికి రాసుకునేవాళ్లు అలాంటి శీర్షికలు పెట్టరు. పేట పేరు రాస్తారు, సెంటరు పేరు రాస్తారు, ఇంట్లో తిన్న తిండి పేరు రాస్తారు. కాబట్టి వెతికే మాట ఊళ్లోవాళ్ల నోట్లో నలిగేదై ఉండాలి: జాలారిపేట, పూర్ణా మార్కెట్, కంచరపాలెం, దొండపర్తి, తొట్లకొండ, చోడి అంబలి. దాని ముందు సైటు హద్దు పెట్టాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో సైట్ అని, వెంటనే కోలన్, ఖాళీ వదలకుండా బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్, ఆ తర్వాత ఒక ఖాళీ, తర్వాత తెలుగు మాట. కోలన్ పక్కన ఖాళీ పడిందా, హద్దు పనిచేయదు. చాలామందికి ఫలితాలు రాకపోవడానికి కారణం ఇదే. అదే మాటని రెండోసారి వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌తో వెతకాలి. పాత తెలుగు బ్లాగులు ఎక్కువగా ఉన్నవి ఈ రెండు చోట్లే.

స్పెల్లింగు గొడవ ఒకటుంది. విశాఖపట్నం, విశాఖపట్టణం, వైజాగ్, వైజాగు, వాల్తేరు, వాల్టేరు: ఎవరికి అలవాటైనట్టు వాళ్లు రాస్తారు. భీమిలి ఒకరికి భీమిలి, ఒకరికి భీమునిపట్నం. ఎర్రమట్టి దిబ్బల్ని కొందరు కలిపి రాస్తారు, కొందరు మూడు ముక్కలుగా విడగొడతారు. అందుకని మొదటి విడతలో కొటేషన్ గుర్తులు పెట్టొద్దు. పెడితే సరిగ్గా ఆ అక్షరాల వరుసే కావాలని పట్టుబట్టినట్టవుతుంది, సగం బ్లాగులు జారిపోతాయి. ఒక్కో రూపానికీ విడిగా వెతకడమే మార్గం.

తేదీ హద్దు కూడా పెట్టొచ్చు, దీన్ని వాడేవాళ్లు తక్కువ. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ వారాల్లో కరెంటు లేని ఊళ్లో జనం ఏం రాసుకున్నారో చూడాలంటే వెతుకులాట పేజీలో టూల్స్ నొక్కి, కస్టమ్ రేంజ్‌లో 2014 అక్టోబరు 12 నుంచి డిసెంబరు చివరి దాకా ఇవ్వాలి. గూగుల్ పట్టుకునే తేదీ ఒక్కోసారి తప్పుతుంది, పోస్టు కింద ఉన్న తేదీనే నమ్మండి.

ఒక్క మంచి బ్లాగు దొరికితే ఇక గూగుల్‌తో పని తగ్గిపోతుంది. దాని పక్కపట్టీలో "నేను చదివే బ్లాగులు" అనో "నచ్చినవి" అనో ఒక జాబితా ఉంటుంది. ఒకే అభిరుచి ఉన్న మనిషి ఏళ్ల తరబడి ఏరిన జాబితా అది. ఏ కంప్యూటరు లెక్కా దానికి సాటిరాదు. చిక్కేమిటంటే ఫోనులో ఆ పక్కపట్టీ కనిపించదు. బ్లాగ్‌స్పాట్ మొబైల్ రూపంలో తెరిచినప్పుడు పోస్టులు మాత్రమే చూపించి మిగతాది దాచేస్తుంది. అప్పుడు చిరునామా చివర చూస్తే ప్రశ్నార్థకం, ఎం అక్షరం, సమానం గుర్తు, ఒకటి అని ఉంటుంది. ఆ ఒకటిని సున్నా చేసి మళ్లీ తెరిస్తే పూర్తి పేజీ వస్తుంది, పక్కపట్టీతో సహా. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, వేళ్లతో పెద్దవి చేసుకోవాలి. తెలుగు బ్లాగుల్లోకి కొత్తగా దిగేవాళ్లకి ఈ సమీక్షలో ఇంతకంటే పనికొచ్చే చిట్కా లేదు.

ఆ జాబితా రెండు రకాలు. ఒకటి మామూలు లింకుల పట్టిక. అందులో ఏవి బతికున్నాయో తెలియదు, ఒక్కోటీ నొక్కి చూడాల్సిందే. రెండోది బ్లాగర్ (బ్లాగ్‌స్పాట్ బ్లాగుల్ని నడిపే గూగుల్ సేవ) వాళ్ల బ్లాగ్ లిస్ట్ గాడ్జెట్. ఇది ప్రతి పేరు కింద తాజా పోస్టు శీర్షికా, అది వేసి ఎంతకాలమైందీ చూపిస్తుంది, కొత్తగా రాసినవాళ్లని పైకి తెస్తుంది. "3 రోజుల క్రితం" అని ఉన్నవాళ్లని ముందు తీసుకోండి. "11 సంవత్సరాల క్రితం" అని ఉన్నవాళ్లని కూడా వదలొద్దు, వాళ్లని ఫీడ్ రీడర్లో పెట్టక్కర్లేదు, తీరుబడిగా పాత పోస్టులు చదువుకోవడానికి గుర్తు పెట్టుకుంటే చాలు.

పాత జాబితాల్లో లింకు చచ్చిందనుకునే ముందు ఒకటి చూడాలి. కొన్నేళ్లపాటు మన దేశంలో తెరిచిన బ్లాగ్‌స్పాట్ చిరునామాలన్నీ డాట్ ఇన్‌కి మళ్లేవి, జనం అవే కాపీ చేసి పెట్టుకున్నారు. 2020లో ఆ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ డొమైన్ గూగుల్ చేజారింది. ఆ లింకు నొక్కితే బ్లాగు రాదు, ఇంకెక్కడికో పోతుంది. డాట్ ఇన్ తీసేసి డాట్ కామ్ పెట్టండి. చాలా బ్లాగులు అలా లేచి కూర్చుంటాయి. అయినా రాకపోతే పాత పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా అతికించి, సంవత్సరం ఎంచుకోవాలి. అక్షరాలు సాధారణంగా దొరుకుతాయి, బొమ్మల మీద ఆశ పెట్టుకోవద్దు.

కూడలి, జల్లెడ, హారం, మాలిక పేర్లు గుర్తున్నవాళ్లు ఉంటారు. తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట గుమ్మరించిన సైట్లు అవి. జల్లెడ, హారం మూతపడ్డాయి. అలాంటి సంకలినిని ఇప్పుడెవరైనా నడుపుతున్నా దాని మీదే పూర్తిగా ఆధారపడమని చెప్పలేం: నడిపేది ఒకరిద్దరు, సర్వరు ఖర్చు వాళ్ల జేబులోంచే, ఏ ఏడాది ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆఖరికి గూగుల్ వాళ్ల ఫీడ్ రీడర్, గూగుల్ రీడరే 2013 జులై 1న ఆగిపోయింది. జాబితా మన దగ్గరే ఉండాలి.

ఇక ఫీడర్. ప్రతి బ్లాగుకీ వెనకాల ఫీడ్ అనే ఒక ఫైలు ఉంటుంది. తాజా పోస్టుల శీర్షికలూ పాఠమూ అందులో వరసగా ఉంటాయి. అందులో రెండు రకాలు: ఆర్‌ఎస్‌ఎస్ 1999 నాటిది, ఆటమ్ 2005లో ప్రమాణమైంది. మనకి ఏదైనా ఒకటే. ఫీడర్ ఆ ఫైళ్లని మన ఫోనులోంచే నేరుగా తెచ్చి చూపిస్తుంది. ఖాతా తెరవక్కర్లేదు, ప్రకటనలు లేవు, ప్లే స్టోర్లోనూ, ఉచిత యాప్‌ల అంగడి ఎఫ్‌డ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది, సోర్స్ కోడ్ బహిరంగం.

బ్లాగు చేర్చడానికి యాడ్ ఫీడ్ నొక్కి, బ్లాగు ముఖపేజీ చిరునామా అతికించాలి. మామూలుగా యాప్ ఫీడ్‌ని తనే వెతికి రెండు మూడు చూపిస్తుంది. వాటిలో పేరు చివర కామెంట్స్ అని లేనిదాన్ని ఎంచుకోవాలి. తర్వాత ట్యాగు ఇవ్వాలి, అదే ఫోల్డరు. "పద్యాలు", "వంట", "రైళ్లు", "విశాఖ" అని విషయాన్ని బట్టి పెడితే చదివేటప్పుడు మనసుకి తగ్గది తెరవొచ్చు. "ముఖ్యం", "మామూలు" అని పెడితే నెలలో అన్నీ ముఖ్యమైపోతాయి.

ఫీడ్ దొరకలేదంటే చేత్తో రాయాలి. వర్డ్‌ప్రెస్ అయితే చిరునామా చివర స్లాష్, ఫీడ్. బ్లాగ్‌స్పాట్ అయితే స్లాష్ ఫీడ్స్ స్లాష్ పోస్ట్స్ స్లాష్ డీఫాల్ట్, అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో. అదీ కుదరకపోతే ఆ బ్లాగరు ఎప్పుడో ఫీడ్‌ని ఫీడ్‌బర్నర్‌కి మళ్లించి మరిచిపోయి ఉంటారు. 2007లో గూగుల్ కొన్న సేవ అది, అప్పట్లో చాలామంది దానికి కట్టుకున్నారు. చిరునామా చివర ప్రశ్నార్థకం, రీడైరెక్ట్, సమానం, ఫాల్స్ అని చేరిస్తే ఆ మళ్లింపు తప్పించుకుని అసలు ఫీడ్ వస్తుంది.

బ్లాగ్‌స్పాట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఒకే మనిషి రాజకీయాలూ రాస్తాడు, ప్రయాణాలూ రాస్తాడు. మనకి ప్రయాణాలే కావాలి. ఆ డీఫాల్ట్ తర్వాత స్లాష్, హైఫన్, స్లాష్, ఆపైన లేబుల్ (బ్లాగరు పోస్టుకి పెట్టే విషయం పేరు) రాస్తే ఆ లేబుల్ పోస్టులు మాత్రమే వస్తాయి. లేబుల్ తెలుగులో ఉన్నా పనిచేస్తుంది, కానీ బ్లాగరు రాసినట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. టైపు చేయకుండా పోస్టు కింద ఉన్న లేబుల్ని నొక్కి, వచ్చిన చిరునామాలోంచి కాపీ చేసుకోవడం క్షేమం.

చేర్చిన మొదటి రోజు నిరాశ పడొద్దు. బ్లాగులో వందల పోస్టులున్నా ఫీడ్‌లో ఉండేవి కొన్నే: మామూలుగా బ్లాగ్‌స్పాట్ 25 ఇస్తుంది, వర్డ్‌ప్రెస్ 10. మిగతావి బ్లాగుకెళ్లి పాత నెలల పట్టికలోంచి చదువుకోవాలి. బ్లాగ్‌స్పాట్‌కైతే ఫీడ్ చిరునామా చివర ప్రశ్నార్థకం, మ్యాక్స్, హైఫన్, రిజల్ట్స్, సమానం, 100 అని చేర్చి సంఖ్య పెంచుకోవచ్చు. అలా చేస్తే ప్రతి సింక్‌కీ, అంటే యాప్ కొత్తవి తెచ్చుకునే ప్రతిసారీ, ఆ వందా దిగుతాయి, డేటా తింటుంది. ఒకసారి దింపుకుని చిరునామాని మళ్లీ మామూలుగా మార్చేయండి.

కొన్ని ఫీడ్లలో మొదటి నాలుగు వాక్యాలే వస్తాయి. తప్పు యాప్‌ది కాదు, బ్లాగరు సెట్టింగుల్లో ఫీడ్‌ని షార్ట్ అని పెట్టుకున్నారు. ఆ ఫీడ్‌కి ఫెచ్ ఫుల్ ఆర్టికల్ ఆన్ చేస్తే ఫీడర్ అసలు పేజీకి వెళ్లి పాఠం లాగి తెస్తుంది. చాలావరకు బాగానే తెస్తుంది. డైనమిక్ వ్యూస్ అనే పాత బ్లాగర్ అలంకారం వాడే బ్లాగుల దగ్గర ఓడిపోతుంది, ఎందుకంటే అక్కడ పేజీలో పాఠం ముందుగా ఉండదు, బ్రౌజరు తెరిచాక జావాస్క్రిప్ట్ తెచ్చి నింపుతుంది. అలాంటి ఫీడ్లకి బ్రౌజర్లో తెరుచుకునేలా పెట్టుకోవాలి.

మార్కు తెగింది వ్యాఖ్యల దగ్గర. ఫీడర్ పోస్టు చూపిస్తుంది, కింద జనం రాసింది చూపించదు. వంటల బ్లాగుకి ఇది చిన్న లోటు. తెలుగు పద్యాల బ్లాగులకి మాత్రం ప్రాణమే పోయినట్టు. రోజుకో సమస్య ఇచ్చి పూరించమనే బ్లాగుల్లో పోస్టంటే ఒక్క పాదం, అంతే. కందంలోనూ తేటగీతిలోనూ పూరణలు, వాటికి దిద్దుబాట్లు, యతి తప్పిందని చమత్కారంగా ఎత్తిపొడుపులు, అన్నీ వ్యాఖ్యల్లోనే. ఫీడర్లో ఆ ఒక్క పాదమే కనిపించి "ఇంతేనా" అనిపిస్తుంది. విరుగుడు ఉంది: వ్యాఖ్యలకి వేరే ఫీడ్. బ్లాగ్‌స్పాట్‌కి పోస్ట్స్ అన్నచోట కామెంట్స్ అని మార్చాలి, వర్డ్‌ప్రెస్‌కి స్లాష్ కామెంట్స్ స్లాష్ ఫీడ్. దాన్ని వేరే ట్యాగులో పెట్టి, నోటిఫికేషన్ ఆపేయాలి. లేకపోతే ఫోను రోజంతా మోగుతుంది. బ్రౌజర్లోనే చదివేవాళ్లకి ఒక హెచ్చరిక: బ్లాగర్ ఒక విడతకి 200 వ్యాఖ్యలే చూపిస్తుంది, మిగతావాటికి కింద లోడ్ మోర్ నొక్కాలి. సాయంత్రం పెట్టిన పూరణ కనపడలేదని కంగారు పడేవాళ్లు ముందు అది చూసుకోవాలి.

ఫీడర్ నిజంగా పనికొచ్చేది సిగ్నల్ లేనిచోట. పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరెక్కి అరకు వెళ్లేవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక సొరంగం తర్వాత సొరంగం, బొర్రా దాకా నెట్ ఉన్నట్టూ లేనట్టూ. ముందురోజు రాత్రి ఇంట్లో వైఫై మీద సింక్ చేసి ఉంటే అక్షరాలన్నీ ఫోనులోనే ఉంటాయి. మామూలు ఫీడ్ పాఠం అలా దిగుతుంది. షార్ట్ ఫీడ్లకి ఫెచ్ ఫుల్ ఆర్టికల్ ముందే ఆన్ చేసి ఉండాలి, రైల్లో నొక్కితే లాభం లేదు. కిటికీలోంచి లోయ కనిపిస్తుంటే ఫోను చదవడమేమిటి అంటారా, సొరంగంలో చదవండి.

సింక్ ఎంతకోసారి జరగాలో సెట్టింగుల్లో ఉంటుంది. బ్లాగులకి రోజుకి ఒకట్రెండు సార్లు చాలు. వైఫై మీదే, ఛార్జింగులో ఉన్నప్పుడే అనే రెండు మీటలూ ఉన్నాయి. రెండూ ఆన్ చేస్తే మాత్రం కొందరికి రోజుల తరబడి కొత్తవి రావు: పగలు ఆఫీసులో వైఫై లేకుండా ఛార్జింగు, రాత్రి ఇంట్లో ఛార్జింగు లేకుండా వైఫై. ఒకటే ఉంచండి. మీటలన్నీ సరిగ్గా ఉన్నా సింక్ జరగలేదంటే ఫోను బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చుతోందన్నమాట. ఫోను సెట్టింగుల్లో ఫీడర్‌కి బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వాలి, ఆటోస్టార్ట్ అనే మీట ఉన్న ఫోన్లలో అదీ ఆన్ చేయాలి.

చదివి వినిపించే సదుపాయం కూడా ఉంది. ఫోను టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగుల్లో తెలుగు గొంతు దింపుకుంటేనే తెలుగు పలుకుతుంది. వచనం ఫరవాలేదు. పద్యం వినకండి.

ఇంగ్లిష్ బ్లాగులకి వస్తే, మూడు సైట్లలో మార్జినాలియా సెర్చ్ మాకు ఎక్కువ నచ్చింది. స్వీడన్‌లో ఒక మనిషి 2021లో మొదలుపెట్టాడు. ప్రకటనలూ స్క్రిప్టులూ తక్కువుండి అక్షరాలెక్కువున్న పేజీల్ని పైకి తెస్తుంది. గూగుల్‌ని అడిగినట్టు పూర్తి ప్రశ్న వేస్తే ఏమీ రాదు. రెండు మూడు గట్టి మాటలు ఇవ్వాలి, పక్కన ఫిల్టరుని బ్లాగులకి మార్చాలి. మన ఊరి కోసం పాత ఇంగ్లిష్ స్పెల్లింగులు వేసి చూడండి: విజగపటమ్, వాల్టెయిర్, బిమ్లిపటమ్. ఆధునిక పేరుతో పర్యాటకం వస్తుంది. పాత పేర్లు వాడేది పూర్వీకుల చరిత్ర తవ్వేవాళ్లు, పాత తపాలా ముద్రలు కూడబెట్టేవాళ్లు, రైలు పిచ్చోళ్లు. ఒక సైటు నచ్చితే దాన్ని పోలిన ఇతర సైట్లు చూపించే ఏర్పాటూ ఉంది.

ఊ డైరెక్టరీ 2022లో ఫిల్ గైఫర్డ్ పెట్టిన బ్లాగుల పట్టిక. విషయాలవారీగా అరలు, పక్షులు, పటాలు, రైళ్లు, గణితం, ఏదైనా. ప్రతి బ్లాగు దగ్గరా చివరి పోస్టు ఎప్పటిదో కనిపిస్తుంది. ఒకే మనిషి చూసి చేర్చేది కాబట్టి చెత్త లేదు, అదే కారణంగా మన దేశపు బ్లాగులూ పెద్దగా లేవు. ఏ బ్లాగు కావాలో తెలియదుగానీ ఏ విషయం కావాలో తెలుసు అనుకునేవాళ్లకి ఇది సరైనది.

కాగి స్మాల్ వెబ్ 2023 నాటిది. నెక్స్ట్ నొక్కితే ఎవరిదో ఒక తాజా పోస్టు వస్తుంది. కాలక్షేపానికి బాగుంటుంది. ప్రోగ్రామర్ల పోస్టులు మరీ ఎక్కువ, రెండు రోజులకి విసుగొస్తుంది.

ఫోనూ ఆఫీసు కంప్యూటరూ రెండింట్లో చదివేవాళ్లు ఫీడర్ బదులు ఇనోరీడర్ తీసుకోవాలి. ఉచిత ఖాతాలో 150 ఫీడ్లు పడతాయి. ఫీడ్లీలో 100, న్యూస్‌బ్లర్‌లో 64. వీటిలో ఫోనులో చదివింది కంప్యూటర్లోనూ చదివినట్టే గుర్తుంటుంది. ఫీడర్ ఆండ్రాయిడ్‌కే కట్టుబడిన యాప్. ఐఫోను ఉన్నవాళ్లకి నెట్‌న్యూస్‌వైర్ ఉంది, అదీ ఉచితమే.

ఫీడర్‌లో ఖాతా లేకపోవడం సుఖమే గానీ, ఫోను పోతే జాబితా కూడా పోతుంది. మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఓపీఎంఎల్ ఫైలు వస్తుంది, కొన్ని కిలోబైట్లే. నెలకోసారి మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ ఫైలు పైన చెప్పిన రీడర్లన్నింట్లోనూ ఇంపోర్ట్ అవుతుంది, ట్యాగులు ఫోల్డర్లుగా మారి వస్తాయి. స్నేహితులకి పంపాలన్నా ఇదే ఫైలు, కాకపోతే పంపే ముందు అందులో మీరు చదివే బ్లాగులన్నీ ఉంటాయని గుర్తుంచుకుని ఎవరికీ చూపించడం ఇష్టం లేనివి తీసేయండి.